అవతలి ఒడ్డున హబ్బూ చెట్టు

ఒమాన్‌లో, మబేలాలో మా బిల్డింగ్ కింద, కార్లు నిలిపే చోటుకి పక్కన, ఎండ తగ్గాక ఆడవాళ్ళం ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. మొన్న అక్కడ ఒక గొడవ జరిగింది. జరిగిందంటే, నేనే చేశాను. రెండో అంతస్తులో ఒమానీల ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఇండోనేషియా ఆవిడ కూడా మాతో కూర్చుంటుంది. హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడుతుంది. తనది చిన్న దీవి అనీ, పడవ తప్ప వేరే దారి లేదనీ, అక్కడ తనకు జాజికాయ చెట్లు ఉన్నాయనీ చెప్పింది. చెట్లు తనవే, నేల మాత్రం తమ్ముడిదట.

"గదెట్ల?" అంది మా పక్క ఫ్లాట్ కరీంనగర్ ఆవిడ. "భూమి తమ్మునిదైతే చెట్లు గూడ తమ్మునియే గదా. చెట్టేమన్న గాల్ల నిలవడ్డదా?"

అందరూ నవ్వారు. ఆ ఇండోనేషియా ఆవిడ కూడా, ఏమర్థమైందో, నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు నవ్వుతారు? నేల ఒకరిది, చెట్టు ఒకరిది, చెట్టుకి పారే నీళ్ళు ఇంకొకరివి. ఈ దేశంలోనే అలాంటి ఊళ్ళున్నాయి. మీరు మాల్‌కీ బీచ్‌కీ తప్ప గడప దాటరు, మీకెలా తెలుస్తుంది?" అన్నాను.

"మీకన్నీ ఎర్కేలే మేడమ్," అంది ఆవిడ మూతి తిప్పుకుని.

అన్నీ తెలియవు. ఇదొక్కటి తెలుసు. ఎందుకంటే చిన్నప్పుడు ఒక చెట్టు ఎవరిదో తేలడానికి నన్ను తీసుకెళ్ళి దాని కింద కూర్చోబెట్టారు.

మా అమ్మ నర్సు. గోదావరి పక్క మిషన్ ఆస్పత్రిలో ట్రైనింగ్ అయి, వీసా వచ్చిందని ఈ దేశానికి వచ్చింది. రాజధానిలో పెద్ద ఆస్పత్రి అనుకుని విమానం దిగితే, సముద్రంలో ఒక దీవి మీద ఉన్న రెండు గదుల హెల్త్ సెంటర్‌కి వేశారు. వద్దన్నవాళ్ళందరూ వద్దనగా మిగిలిన చోటది. మా అమ్మకి వద్దనడం చేతకాదు. నాకు చేతనైంది అదొక్కటే. నాన్నకి సమాయిల్ వైపు రోడ్డు పనిలో డ్యూటీ. కంపెనీ సెలవిచ్చి, పడవ దొరికితే వచ్చేవాడు. ఈ రెండూ కలిసి రావడం అరుదు కాబట్టి, ఆ దీవి మీద ఉన్నది నేనూ అమ్మా అనే చెప్పాలి.

దీవి అంటే క్యాలెండర్ మీద ఉండే కొబ్బరిచెట్ల దీవి కాదు. ఒక రాతి గుట్ట. దాని పాదాల దగ్గర, సముద్రం దయతలచి వదిలేసినంత చోటులో, ఒకదాని వీపుకి ఒకటి ఆనుకున్న రాతి ఇళ్ళు. నాకంటే ఎత్తయిన చెట్టు ఆ ఊళ్ళో లేదు. పడవలకి సొరచేప కాలేయం నూనె పూసేవారు. ఆ కంపు పొద్దున లేవగానే మనకంటే ముందు మంచం దిగేది. రాళ్ళ మీద కవళ్ళు, అంటే వేలెడు చేపలు, ఆరబోసేవారు. ఎండిన కవళ్ళు మనుషులు కొన్ని తినేవారు, మేకలు ఎక్కువ తినేవి. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మేకలు చేపలు తింటాయని చెబితే మా నాయనమ్మ నమ్మలేదు. "పరాయి దేశం వెళ్ళి పిల్ల అబద్ధాలు నేర్చిందే," అని అమ్మని కేకలేసింది.

ఆ ఊళ్ళో ఇళ్ళకి చోటు లేదు, సమాధులకీ లేదు. అందుకని సమాధులు ఇళ్ళ మధ్యనే ఉండేవి. పిల్లలం దాగుడుమూతలు ఆడేది వాటి వెనకే, తిట్లు తినేదీ అందుకే. అయినా ఎవరిది ఏదో పక్కాగా తెలుసు. ఒడ్డున ఏ పడవ ఎక్కడ ఆగాలో, ఏ బండ మీద ఎవరు చేపలు ఎండేసుకోవాలో, ఎవరి మేకకి చెవి ఎటువైపు కోసి ఉంటుందో పాకే పిల్లని అడిగినా చెబుతుంది. ఒకసారి నేను పక్కవాళ్ళ బండ మీద నా గౌను ఉతికి ఆరేశాను. ఆ ఇంటి ముసలాయన ఏమీ అనలేదు. గౌను తీసి, మడత పెట్టి, తెచ్చి మా అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు పడిన దెబ్బలు ఆయన వేసినవే అని ఇప్పటికీ అంటాను.

కానీ ఆ దీవి వాళ్ళ అసలు ఆస్తి దీవి మీద లేదు. సముద్రం అవతల, పెద్ద నేల మీద, కొండల నడుమ ఉన్న ఖర్జూర తోటలో ఉంది. వేసవిలో ఎండ భరించలేనంతగా ముదిరి, అవతల ఖర్జూరం పండే వేళకి, ఊరు ఊరంతా తలుపులకి తాళాలు వేసి పడవలెక్కి వెళ్ళిపోయేది. పండ్లు కోసి, ఎండబెట్టి, ఏడాదికి సరిపడా సంచుల్లో తొక్కుకుని తిరిగి వచ్చేది. తోటలో నేల వేరేవాళ్ళది. కాలువ నీళ్ళకి వంతులున్నాయి, అవి కొన్ని ఇళ్ళవి. చెట్లు మాత్రం దీవి వాళ్ళవి, ఒక్కో చెట్టు ఒక్కొక్కరిది. తల్లి నుంచి కూతురికి, అన్న నుంచి తమ్ముడికి వచ్చేవి.

ఇక హబ్బూ గురించి చెప్పాలి. ఆ పక్కన నాయనమ్మని, అమ్మమ్మని అలా పిలుస్తారు. ఆవిడ నాకేమీ కాదు. హెల్త్ సెంటర్ వెనక ఇంట్లో ఉండే ముసలావిడ. అమ్మ డ్యూటీలో ఉన్నంతసేపూ నేను ఆవిడ దగ్గరే. కనుబొమల మీదా ముక్కు మీదా గట్టి అట్టలా నిలిచే నీలిమందు అద్దిన నల్లటి ముసుగు వేసుకునేది. దాని నీలి రంగు చెంపలకి అంటుకుని, ముసుగు తీసినా ముసుగున్నట్టే ఉండేది. ఏలకుల కాఫీ చిన్న గిన్నెలో పోసి నాకూ ఇచ్చేది. మధ్యాహ్నం ఒకే పళ్ళెంలో అన్నం, మీద చేప. ముళ్ళు వేళ్ళతో తీసి, కండ నా వైపు జరిపేది.

"మీ అమ్మ వండేది కూరా, మంటా?" అనేది, మేం పంపిన వంజరం పులుసు వేలితో తాకి చూసి.

"ఆవిడ పెట్టేది చేపా, ఉప్పు రాయా?" అనేది అమ్మ ఇంటికొచ్చాక నా నోరు వాసన చూసి.

ఇద్దరి మధ్యా మాటలు మోసేది నేనే. మోసేటప్పుడు కొంచెం కారం కలిపేదాన్ని. అయినా వాళ్ళకి పడేది. హబ్బూ ఇంటి దూలానికి ఎండు నిమ్మకాయల దండలు వేలాడేవి. నల్లగా, గుల్లగా, పులుపు తలకెక్కేలా ఉండేవి. ఆవిడ నమాజుకి నిలబడ్డప్పుడు ఒకటి లాగి చప్పరించేదాన్ని. నమాజు మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి ఆవిడ ఏమీ అనలేదని నా లెక్క. నమాజు అయ్యాక మాత్రం చెవి దొరికేది.

హబ్బూకి పిల్లల్లేరు. భర్త పోయాడు. ఆవిడ ఉంటున్న ఇల్లు ఆయన మొదటి భార్య కొడుకులది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఉండమన్నారు. కానీ "ఉండమనడం" ఎలాంటి మాటో ఒకరి ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడకి సొంతమంటూ ఉన్నది అవతలి తోటలో ఒక్క చెట్టు. నఘాల్ అనే రకం, అన్నిటికంటే ముందు పండేది. "నా చెట్టు" అని మొదలుపెట్టిందంటే, మా ఊళ్ళో ఆడవాళ్ళు పుట్టింటి గురించి చెప్పినట్టే చెప్పేది.

ఆ చెట్టు ఎక్కేది ఆవిడ అన్న కొడుకు. బలమైన మనిషి, పెద్ద గొంతు, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. ఖర్జూరంలో ఆడ చెట్టు, పోతు చెట్టు ఉంటాయి. పోతు చెట్టు పూరెమ్మ తెచ్చి ఆడ చెట్టు పూతలో కట్టకపోతే పండు కాదు, తుక్కు కాస్తుంది. వేసవికి చాలా ముందే పడవేసుకుని వెళ్ళి, మోకు కట్టుకుని చెట్టెక్కి ఆ పని చేసేది అతనే. గెలలు కోసేదీ అతనే. అందుకు ఎక్కినవాడి వంతు గెల అతనికి ఉంది. మిగతాదంతా హబ్బూది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మొదటి గెల దించే రోజు చెట్టు సొంతదారు, లేదా ఆ ఇంటి మనిషి ఎవరైనా, చెట్టు కింద కూర్చోవాలి. మొదటి పండ్లు వాళ్ళ చేతిలో పెడతారు. అందరి ఎదుటా వాళ్ళు తింటారు. అంతే. చెట్లకి కాగితాలు లేవు, ఆ చూసిన కళ్ళే సాక్ష్యం. ఆ ఇంటి నుంచి ఎవరూ రాకపోతే, ఎక్కినవాడే తింటాడు. మరుసటి ఏడాదీ అతనే తింటాడు. ఆ తర్వాత అది ఎవరి చెట్టని అడిగితే జనం అతని పేరే చెబుతారు. అందులో దొంగతనం ఏమీ లేదు, అలవాటు ఉంది. అలవాటు దొంగతనం కంటే నిదానంగా చేస్తుంది, కానీ పని పూర్తి చేస్తుంది.

ఆ ఏడాది ఊరు పడవలెక్కే ముందు హబ్బూ మెట్ల మీద జారి పడింది. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. అవతలి నుంచి డాక్టరు పడవలో వచ్చి పిండికట్టు వేసి, కదిలించొద్దని అమ్మకి చెప్పి వెళ్ళాడు. అమ్మ ఆ మాటని పట్టుకుంది. అమ్మ ఏదైనా పట్టుకుంటే వదలదు, ఆ గుణమే నాకొచ్చిందని నాన్న అనేవాడు.

"పడవెక్కితే కాలు వంకరగా అతుక్కుంటుంది," అంది అమ్మ, తనకొచ్చిన అరబ్బీలో.

"వంకర కాలుతో బతుకుతాను సిస్తర్. చెట్టు లేకుండా ఎలా బతకను?"

"ఖర్జూరమేగా. నేను కొనిపెడతాను."

హబ్బూ అరచేత్తో గోడని తట్టింది. "ఈ గోడ వాళ్ళది," అంది. "ఈ చాప వాళ్ళది. ఈ కాలు నీ చేతిలో ఉంది. నాకేం మిగిలింది చెప్పు?"

అమ్మ కట్టు బిగువు చూసి లేచి వచ్చేసింది. కానీ పడవ ఎక్కనివ్వలేదు.

వెళ్ళేముందు అన్న కొడుకు చూడ్డానికి వచ్చాడు. నేను మూల కూర్చుని హబ్బూ చేతికర్రతో చీమల్ని ఎటు పోనివ్వాలో నిర్ణయిస్తున్నాను.

"నువ్వు పడుకో అత్తా," అన్నాడు. "చెట్టు సంగతి నేను చూసుకుంటాను. నీకు డబ్బా నింపి పంపిస్తాను."

"పంపిస్తావా?" అంది హబ్బూ. "నా పండు నాకు నువ్వు పంపిస్తావా?"

"నేను కాకపోతే ఎవరు ఎక్కుతారు?"

"ఎక్కడానికి నువ్వున్నావు. కూర్చోవడానికి ఇది ఉంది." కర్ర నా చేతిలో ఉంది కాబట్టి గడ్డంతో నన్ను చూపించింది.

అతను చిగుళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "ఈ హిందీ పిల్లా? ఇది మన మనిషా?" వాళ్ళకి ఇండియావాళ్ళందరూ హిందీలే.

"రోజూ నా పళ్ళెంలో తింటుంది. నీ పిల్లలు ఎన్నడైనా తిన్నారా?"

అతను నవ్వు ఆపేశాడు. నాకు అర్థమైంది ఒక్కటే: పడవ ఎక్కొచ్చు.

అమ్మకి ఈ చెట్టు వ్యవహారం సగమే తెలుసు. అవతల నీడ ఉంటుంది, నీళ్ళుంటాయి, పిల్ల కాస్త చల్లగా ఉంటుందని ఒప్పుకుంది. అన్న కొడుకు భార్యే నన్ను తీసుకెళ్తానంది. అది విని హబ్బూ ముక్కు మీద ముసుగు సర్దుకుంది.

"ఎవరేం పెట్టినా ప్రార్థన చేసుకుని తిను," అంది అమ్మ జడ వేస్తూ. "నోరు అదుపులో పెట్టుకో." రెండోది జరగదని ఆవిడకీ తెలుసు.

హబ్బూ చెప్పింది ఇంకా తక్కువ. "చెట్టు కింద కూర్చో. ఎవరేమన్నా లేవకు."

తినమని మాత్రం చెప్పలేదు. పండిన నఘాల్ చేతిలో పెడితే తినని పిల్ల ఉంటుందని ఆవిడ ఎలా అనుకుంటుంది? ఆ దీవి మీద ఎవరూ అనుకోరు.

పడవలో మనుషులతోపాటు పరుపులు, కోళ్ళు, కిరసనాయిలు పొయ్యిలు, ఒక కుట్టుమిషను, ఒక పిల్లి. ఆడవాళ్ళు మధ్యలో మూటల్లా కూర్చున్నారు. ఇంజను డీజిలు పొగ, సొర నూనె, కోళ్ళ రెట్ట, అన్నీ కలిసి నా కడుపులో చేరాయి. అన్న కొడుకు భార్య ఒళ్ళోనే కక్కేశాను. ఆవిడ తిట్టలేదు. సముద్రం నీళ్ళు దోసిలితో తీసి తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని తల ఎత్తింది. "నీళ్ళలోకి చూడకు. కొండని చూడు. కొండ కదలదు," అంది. ఆ మాట ఇప్పటికీ పనికొస్తోంది, కారులో కూడా.

ఒడ్డు దగ్గరపడుతుంటే ముందు తడిమట్టి వాసన వచ్చింది. మా గోదావరి ఊరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, కానీ కక్కినందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. తోటలో నడిస్తే నెత్తి మీద ఆకాశం కనిపించేది కాదు. కాలువలో పిల్లలం రోజంతా నానేవాళ్ళం. ఈనెల పాకల్లో పడుకునేవాళ్ళం. ఖర్జూరం మట్టలు గాలికి రాసుకుంటుంటే ఎవరో చాపలు దులుపుతున్నట్టు ఉండేది. అక్కడి పిల్లలు నన్ను "సిస్తర్ కూతురు" అనేవారు, సూది తెచ్చావా అని ఏడిపించేవారు. నేను ఒకడిని గట్టిగా గిల్లి "ఇదే సూది" అన్నాను. ఆ తర్వాత అడగలేదు.

హబ్బూ చెట్టు సన్నగా, పొడుగ్గా, కాలువ వైపు కొంచెం వంగి ఉండేది. ఈ ముసలిదాన్ని చూడ్డానికా ఇంత దూరం అనిపించింది.

మొదటి గెల దించే పొద్దున నన్ను లేపి, మొహం కడిగి, చెట్టు కింద చాప మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఊరివాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు నీటి వంతులు చూసే ముసలాయన. తగవులొస్తే ఆయన మాటే ఆఖరు. అన్న కొడుకు నడుముకి మోకు వేసుకుని, కొడవలి వెనక దోపుకుని ఎక్కాడు. మట్టల ముళ్ళు గీరుకుంటున్నా ఆగలేదు. గెల కోసి తాడుతో కిందికి దించాడు. సగం పసుపు, సగం గోధుమ రంగు పండ్లు. తేనె వాసన. ముసలాయన గుప్పెడు తెంపి నా రెండు చేతుల్లో పెట్టాడు. ఎండకి వెచ్చగా ఉన్నాయి.

"తిను," అన్నాడు.

నేను గుప్పిళ్ళు మూసుకున్నాను. "తినను."

ఎందుకో చెప్పాలి. మావాళ్ళలో మొదటి పంట తినరు. ప్రథమ ఫలం దేవుడిది. మా ఊళ్ళో కోతపండక్కి మొదటి అరటిగెల, మొదటి గుమ్మడికాయ, కోడి పెట్టిన మొదటి గుడ్డు కూడా గుడికే వెళ్ళేవి. చర్చిని మేం గుడి అనే అంటాం. పండగ కాకముందే మా పెరటి జామకాయ కొరికానని నాయనమ్మ నా చేతిలోంచి లాక్కుని పారేసింది. దీవి మీద గుడి లేదు. అమ్మ హెల్త్ సెంటర్ ముందు డబ్బాలో వేసిన టమాటా మొక్కకి మొదటి కాయ పండినప్పుడు, నేను నోరూరి నిలబడితే, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, రోగిని మోసుకుంటూ గుట్ట దిగి వచ్చిన ఒకాయనకి ఇచ్చేసింది. "గుడి లేనిచోట అలిసినవాడికిస్తే చాలు," అంది. నాకు తెలిసిన శాస్త్రం అంతే, కానీ అది గట్టిగా తెలుసు.

"ఎందుకు తినవు?" అన్నాడు ముసలాయన.

"మొదటివి తినకూడదు. దేవుడివి."

"అన్నీ దేవుడివే. తిను."

"మొదటివి మరీనూ. మా అమ్మ కొడుతుంది."

కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వలేదు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పటికి అన్న కొడుకు సర్రున కిందికి దిగాడు.

"చూశారా?" అన్నాడు. "ఆ ఇంటి పిల్లయితే తినదా? మా అత్త ఇంటి నుంచి ఈ ఏడాది ఎవరూ రానట్టే. నేను దొంగనేం కాను. పూత కట్టింది నేను. ఎక్కింది నేను. ఈ ఒళ్ళు చూడండి."

"నేను వచ్చానుగా," అన్నాను.

"వచ్చావు. తినలేదు."

"తినకపోతే రానట్టా? అయితే నువ్వు తినకపోతే చెట్టెక్కనట్టేనా?"

"దీనికి నోరు ఎవరిచ్చారు?" అన్నాడతను అందరివైపు తిరిగి.

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "అతను చెప్పేది తప్పు కాదమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఇక్కడి పద్ధతి ఇది. తింటే ఆవిడ తిన్నట్టు. తినకపోతే ఆవిడ లేనట్టు. ఒక్కటి నోట్లో వేసుకో, అయిపోతుంది."

ఏం జరుగుతోందో అప్పటికి నాకూ తెలిసింది. తినకపోతే హబ్బూ చెట్టు పోతుంది. తింటే దేవుడికి కోపం వస్తుంది, అంతకంటే ముందు అమ్మకి వస్తుంది. చేతుల్లో పండ్లు మెత్తబడి వేళ్ళ సందుల్లోంచి జిగురు కారుతోంది. ఈగలు. కట్టు కట్టిన కాలు చాప మీద చాచుకుని, నాకేం మిగిలింది చెప్పు అన్న హబ్బూ మొహమే కనిపిస్తోంది. ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నాను.

అప్పుడు అన్న కొడుకుని చూశాను. మోచేతుల దాకా ముళ్ళ గీతలు. చెమట గడ్డం మీంచి బొట్లు బొట్లుగా రాలుతోంది. నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు. నాకు అతని మీద చచ్చేంత కోపంగా ఉంది. కానీ అక్కడ ఉన్నవాళ్ళందరిలో అలిసినవాడు అతనే. అందులో వాదించడానికేమీ లేదు.

కళ్ళు మూసుకుని అమ్మ చేసే ప్రార్థన గబగబా చేశాను. లేవొద్దని హబ్బూ చెప్పింది కాబట్టి లేవలేదు.

"ఇలా రా," అన్నాను అతన్ని.

"ఎవర్ని, నన్నా?"

"నిన్నే. వంగు. ఇంద, ఇవి నీకు. నువ్వే అలిసిపోయావు."

జనం గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. ఎంతైనా దాహంతో ఉన్నాడు. వచ్చి, వంగి, చెయ్యి చాపాడు. ఒకటి నోట్లో వేసుకుని గింజ కాలువలోకి ఉమ్మాడు. రెండోది వేసుకున్నాడు.

"బాగున్నాయా?" అన్నాడు ముసలాయన.

"తేనె," అన్నాడు నములుతూ.

"ఎవరిచ్చారు?"

"ఇదిగో, ఈ పిల్లే."

"నీ చెట్టు పండు నీకు ఇంకొకరు ఇచ్చారా?"

అతని దవడ ఆగిపోయింది. ముందుగా నవ్వింది అతని భార్యే, ముసుగు వెనక, కిసుక్కున. ఆ తర్వాత ఇంకెవరూ ఆగలేదు.

"దాహమేసి తిన్నాను," అన్నాడు.

"దాహమేస్తే గెల పక్కనే ఉంది, కోసుకుని తినాల్సింది. చెయ్యి చాపావు." ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. "ఇవ్వడం సొంతదారు పని. ఆవిడ వచ్చినట్టే. పొద్దెక్కుతోంది, మిగతా గెలలు దించు."

"తెలిసే చేసింది ఇది!" అన్నాడతను నా వైపు వేలు చూపించి.

నాకేమీ తెలియదు. కానీ తెలియదని చెప్పేంత బుద్ధితక్కువదాన్నీ కాదు. నోరు మూసుకున్నాను. నోరు అదుపులో పెట్టుకోమన్న అమ్మ మాట ఆ ఒక్కసారీ విన్నాను. అతను గొణుక్కుంటూనే మోకు వేసుకుని మళ్ళీ ఎక్కాడు. అన్ని గెలలూ దించాడు. తన వంతు ఒక్క గెల పక్కన పెట్టుకుని, మిగతావి ఈనెల చాపల మీద తనే ఎండబోశాడు. రోజూ తనే తిరగేశాడు. సంచుల్లో తనే తొక్కాడు. మనిషి చెడ్డవాడైతే చెప్పడానికి ఎంత సులువుగా ఉండేదో.

ఎండలు తగ్గి దీవికి తిరిగొచ్చాక ఒడ్డు నుంచి హబ్బూ ఇంటికి పరిగెత్తాను. పిండికట్టు విప్పేశారు, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. సగం దాకా బాగానే విన్నది.

"వాడికిచ్చావా?" అని అరిచింది. "నా మొదటి పండు, నా నఘాల్, వాడి నోట్లో పెట్టావా? ఎవరికైనా ఇవ్వు, మేకకివ్వు, వాడికా?"

"అతనే అలిసిపోయాడు హబ్బూ."

"ఎక్కితే అలిసిపోడా? ఎక్కమని వాడికెవరు..." అంటూ ఆగిపోయింది. అప్పుడు ముసలాయన అన్న మాట చెప్పాను. నెమ్మదిగా గోడకి ఆనుకుని కూర్చుంది. నవ్వడం మొదలుపెట్టి, ముసుగు పక్కకి జరిగేదాకా నవ్వింది. నీలి చెంపలు తడిసిపోయాయి. మా అమ్మ హెల్త్ సెంటర్ నుంచి పరిగెత్తుకొచ్చింది, మళ్ళీ పడిందేమోనని. విషయం తెలిశాక నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"నీడలో ఆడుకోమని పంపితే కోర్టుకెళ్ళొచ్చావుటే?"

మరుసటి వేసవి హబ్బూ తనే పడవెక్కింది. కాలు తిన్నగానే అతుక్కుంది, ఆ గొప్ప అమ్మది. చెట్టు కింద తనే కూర్చుని, మొదటి పండు తనే తిన్నది, ఎవరికీ పెట్టలేదు. ఆ చలికాలం అమ్మని పెద్ద నేల మీది అల్ సువైక్‌కి మార్చారు. నేను బడిలో పడ్డాను. హబ్బూ పోయిందని ఒక పేషెంటు ద్వారా తెలిసింది. ఎప్పుడో, ఎలాగో అతనికి సరిగ్గా తెలియదు. తర్వాత దీవి వాళ్ళందరికీ పెద్ద నేల మీద ప్రభుత్వం ఇళ్ళు కట్టించింది. నీళ్ళు, కరెంటు, బడి, రోడ్డు. అది మంచిదే. ఆ దీవి మీద అలాగే ఉండాల్సిందని ఎవరైనా నిట్టూరిస్తే, మేకల కోసం దాచిన చేపల మధ్య వాళ్ళని ఒక వేసవి పడుకోమంటాను. ఇప్పుడు అక్కడికి టూరిస్టు పడవలు వెళ్తాయి. ఖాళీ ఇళ్ళ ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.

చెట్టు అన్న కొడుక్కే వెళ్ళింది. హబ్బూకి వేరే వారసులు లేరు, అది వాళ్ళ ధర్మం ప్రకారం అతనిదే. అది తెలిసినప్పుడు అమ్మ అంది: "చివరికి అతనికే పోయేదానికి, పసిపిల్లని సముద్రం దాటించి అంత రభస ఎందుకు చేసినట్టు?"

"పోవడానికీ, ఆవిడ ఉండగానే తీసుకోవడానికీ తేడా లేదా?" అన్నాను.

"చెట్టుకి తెలుస్తుందా ఆ తేడా?"

"చెట్టుకి తెలియకపోతే పోనీ. హబ్బూకి తెలుసుగా." మేం ఇద్దరం చాలా రోజులు ఈ విషయం మీద వాదించుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు, నేను తగ్గలేదు.

ఒకసారి, నేను కాలేజీ నుంచి సెలవులకి వచ్చి ఉన్నప్పుడు, అల్ సువైక్ ఆస్పత్రిలో అమ్మ వార్డుకి ఒక మనిషి వచ్చాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు తగ్గింది. నవ్వితే చిగుళ్ళు కనిపించాయి. మనవడికి ఏదో ఆపరేషనట. చేతిలో రేకు డబ్బా ఉంది, ఖర్జూరం. అమ్మకి ఇచ్చాడు. నన్ను గుర్తుపట్టి, "ఈ పిల్ల ఇంకా వాదిస్తుందా?" అన్నాడు.

"ఎందుకు తెచ్చావు ఇవన్నీ?" అంది అమ్మ. "ఎవరి చెట్టువి?"

"అత్త చెట్టువి."

"అది ఇప్పుడు నీదేగా?"

అతను డబ్బాని బల్ల మీద ఇంకొంచెం లోపలికి, అంచు నుంచి పడిపోకుండా జరిపాడు.

"నాదే," అన్నాడు. "అత్త ఇచ్చింది."